తాత ప్రార్థనలో నా పేరు

మొన్న ఆదివారం ప్రొద్దుటూరులో మా కొడుకింట్లో అన్నాల ముందు కళ్లు మూసుకుని, మనవరాలి కోసం ప్రార్థన మొదలుపెట్టానో లేదో, ఆ పిల్ల నా మోచెయ్యి పట్టుకుని, "మెల్లగా చెయ్యి అవ్వా, పక్కింటోళ్లు వింటాండారు" అంది. గొంతు తగ్గించాను. కోపం రాలేదు గానీ ముఖం వేడెక్కింది. ఒకప్పుడు నేనూ అటువంటి మాటే అన్నదాన్ని.

మా తాతా అవ్వా జమ్మలమడుగులో చర్చి వెనక వీధిలో ఉండేవాళ్లు. సెలవులకు మనవళ్లం, మనవరాళ్లం అందరం అక్కడే. తెల్లారగానే చాపలు చుట్టించి, వసారాలో కూర్చోబెట్టి తాత ప్రార్థన మొదలుపెట్టేవాడు. ఆయనది ఎద్దులను అదిలించే గొంతు. పైగా దేవుడికైనా సంగతులు వివరంగా చెప్పాలని ఆయన నమ్మకం. ఎవడు అబద్ధమాడాడో, ఎవరు వాక్యం చదవకుండా పడుకున్నారో పేరు పేరునా విన్నవించి, వీళ్లను నీ భక్తిలో పెంచు ప్రభువా అని వేడుకునేవాడు. ప్రతి పేరు దగ్గరా అవ్వ పొయ్యి ఊదడం ఆపి ఆమెన్ అనేది. మా పాపాలు వీధంతా తెలిసేవి. పాలు పోసే ఆమె కూడా, "ఏం పాపా, ఈ పొద్దన్నా బైబిల్ చదివినావా?" అని అడిగేది.

ఇంటర్ చదివేటప్పుడు గండికోట చూపిస్తానని ప్రొద్దుటూరు నుంచి నా స్నేహితురాలిని తీసుకొచ్చాను. నగల అంగడి వాళ్ల పిల్ల. ఆమె ముందు గొప్పగా కనబడాలని నా తాపత్రయం. మరునాడు పొద్దున ప్రార్థనలో తాత నా పేరెత్తి, "ప్రభువా, ఈ పిల్ల తలనొప్పని చెప్పి, చర్చి ఎగ్గొట్టి సినిమాకు పోతాంది. నీ మీద మనసు పుట్టించు నాయనా" అన్నాడు. స్నేహితురాలు నవ్వాపుకోలేక ఓణీ అడ్డం పెట్టుకుంది.

"ఇంక నా పేరెత్తొద్దు తాతా. సిగ్గుతో చస్తాండా" అన్నాను, అందరి ముందరే.

తాత కళ్లు తెరిచి నన్ను చూశాడు. మళ్లీ మూసుకుని, "ప్రభువా, ఈ పిల్లను పరాయోళ్ల ముందర తలొంచుకునేట్టు చేసినా. నన్ను క్షమించు" అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అవ్వ ఆమెన్ అనలేదు.

ఆ తర్వాత తాత నా పేరు పైకి పలకలేదు. పెద్దమ్మ కొడుకు పేరు అయ్యాక, మా తమ్ముడి పేరు రాకముందు, కాసేపు ఊరకుండేవాడు. అప్పుడు అవ్వ ఆమెన్ అనేది. ఆయన అరిచిన రోజులకంటే ఆ మౌనానికే నాకు ఎక్కువ సిగ్గేసేది. మళ్లీ పైకి అనమని అడుగుదామని ప్రతి సెలవులకూ అనుకునేదాన్ని. పంతం అడ్డొచ్చేది.

చివరికి పులివెందులలో, మా చిన్నాన్న ఇంట్లో, మంచం పట్టిన తాత పక్కన కూర్చుని అడిగాను. "నా పేరు చెప్పు తాతా, గట్టిగా." అప్పటికే పక్షవాతం ఆయన గొంతు తీసుకుపోయింది. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు పెదాలు కదిలించాడు. చెవి ఆనించినా నాకు ఒక్క ముక్కా వినబడలేదు.

అడగడానికి బిడియపడినన్నాళ్లూ ఆయన గొంతు ఎప్పటికీ అట్లాగే ఉంటుందనుకున్నాను. కాలం మన పంతం తీరేదాకా ఆగుతుందని నాకెవరు చెప్పారో.