నాలుగు మూలలు కలిసిన గది

చిగుసా అంత మొండిదాన్ని నేను చూడలేదు. కానజావాలో, గది నేలంతా పరిచే మందపాటి తతామీ గడ్డి చాపలు కుట్టే ఇవావోగారి ఒక్కగానొక్క కూతురు. నాలుగేళ్ళప్పుడు తల్లి పోతే ఒసాకాలో అమ్మమ్మ దగ్గర పెరిగింది. ముప్ఫయ్యో ఏట కంప్యూటర్ ఉద్యోగం వదిలేసి తండ్రి కొట్టు మేడ మీదకి వచ్చిపడింది. ఎందుకంటే, వీడియో గేమ్ చేస్తుందట, ఒక్కతే. శబ్దాలు చేసిపెట్టడానికి నేను దొరికాను. జీతం లేదు, తిట్లకి మాత్రం లోటు లేదు.

గేమ్ చెప్పుకోవడానికి చిన్నదే. ఖాళీ గది కనిపిస్తుంది. వెడల్పుకి రెండింతల పొడవున్న చాపలు ఒక్కొక్కటే వస్తాయి. సందు లేకుండా పరిస్తే తలుపు తెరుచుకుని తరవాతి గది వస్తుంది. దీనికే మూడేళ్ళు పెట్టింది. సొంతంగా గేములు చేసుకునేవాళ్ళ ప్రదర్శన ఒకటి టోక్యోలో ఉంది. శుక్రవారంలోగా పంపాలి. అక్కడ చోటు దొరక్కపోతే మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటానని తనే అంది.

ఆ ముందు ఆదివారం మా పేట సమావేశ మందిరంలో పదిమందిచేత ఆడించి చూశాం. పిల్లలు చకచకా ఆడేశారు. పెద్దవాళ్ళు మాత్రం పన్నెండో గదిలో ఆగిపోయారు. ఆఖరి చాప తెస్తారు, దించబోతారు, వెనక్కి తీసుకుంటారు.

"ఎంత బాగా చేశావమ్మా. నా కళ్ళే సరిగ్గా ఆనడం లేదు," అంది ఒకావిడ.

"నా వేళ్ళు మాట వినడం లేదు తల్లీ," అన్నాడు ఇంకొకాయన.

ఏడుగురికి ఏడు రోగాలు, అన్నీ పన్నెండో గదిలోనే. టీ తాగి, వంగి నమస్కారాలు పెట్టి వెళ్ళిపోయారు. మా ఊళ్ళో ఎదుటివాళ్ళ తప్పు మొహం మీద చెప్పరు. తమ వయసు మీదకి నెట్టుకుంటారు. ఈ మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

చిగుసాకి దిక్కు తోచలేదు. తను రాసిన ప్రోగ్రాంలో ప్రతి వరసా నాలుగు రోజులపాటు తిరగేసింది. ఎక్కడా తప్పు లేదు.

"నీ చప్పుడికి భయపడ్డారేమో," అంది నాతో.

"చాప చప్పుడికి భయపడతారటే?"

అన్నానే గాని, అనుమానం పట్టుకుని ఆ చప్పుడు మూడుసార్లు మార్చాను.

గురువారం మధ్యాహ్నం ఇవావోగారు మాకు తినడానికి సోబా నూడుల్స్ తెచ్చారు. ఆయన ఆ గేమ్ ఎన్నడూ ముట్టుకోలేదు. చిగుసా బతిమాలి కూర్చోబెట్టింది. పదకొండు గదులు అలవోకగా పరిచేసి, పన్నెండో గదిలో చెయ్యి తీసేశారు.

"ఇలా వెయ్యకూడదమ్మాయ్."

"ఎందుకు నాన్నా? చక్కగా సరిపోతోందిగా."

"నాలుగు చాపల మూలలు ఒక్కచోట కలవకూడదు. అలా చావింట్లో పరుస్తారు."

"చాపలవాళ్ళ పిల్లవి, నీకిది తెలీదా?" అన్నాను నేను.

"నువ్వు ఈ ఊళ్ళోనే పుట్టావుగా, నీకు తెలుసా?"

తెలీదు. మా ఇంట్లో అన్నీ చెక్క నేలలే.

"ఇలా పరవడం ఎక్కడ చూశావు?" అడిగారు ఇవావోగారు.

"ఇక్కడే, కింద గదిలో. ఈ ఇంట్లో చిన్నప్పటిది నాకు గుర్తున్నది అదొక్కటే. అందంగా ఉండేది. గేమ్ మొదలుపెట్టిందే ఈ గదితో. మిగతావన్నీ తరవాత కట్టినవి."

ఆయన తెర మీది గదికేసి మళ్ళీ చూశారు.

"అది అలా ఉన్నది ఒక్కరోజే. మీ అమ్మ పోయినప్పుడు నేనే అలా మార్చి వేశాను. మర్నాడు సాయంత్రం మళ్ళీ మామూలుగా వేసేశాను. అప్పటికే అమ్మమ్మ నిన్ను తీసుకెళ్ళిపోయింది."

"అయితే ఈ గది తీసెయ్యనా, ఉంచనా? నాకేం అర్థం కావడం లేదు నాన్నా."

ఇవావోగారు ఆఖరి చాప దించారు. తలుపు తెరుచుకుంది. ఆయన అటు చూడలేదు.

"మళ్ళీ తిప్పి వెయ్యాలంటే ఏది నొక్కాలి?"

"అలాంటిది లేదు. ఒకసారి పరిచేస్తే అంతే."

"ఇన్నేళ్ళూ ఆ రోజులోనే ఉండిపోయావా తల్లీ," అన్నారు.

శుక్రవారం గేమ్ వెళ్ళలేదు. ఇంత పిచ్చిపని ఎవరైనా చేస్తారా అని నేను దెబ్బలాడాను కూడా. తిప్పి వేసే వీలు పెట్టడానికి రెండు వారాలు పట్టింది. ఈలోగా మూడు కంపెనీలకి ఉద్యోగం కోసం రాసుకుంది.

పని పూర్తయ్యాక తండ్రిని పిలిచి, "మీరే ముందు వెయ్యండి," అంది.

"నేను ఆనాడే వేశాను. నువ్వెయ్యి."

చిగుసా ఆ గదిలోని ఎనిమిది చాపలూ ఒక్కొక్కటే తీసి, మూలలు కలవకుండా తిప్పి వేసింది. ఆఖరిదాని దగ్గర, తల్లి పోయిన ఇంచుమించు ముప్ఫయ్యేళ్ళకి, ఆవిడ కోసం ఏడ్చింది.