అమోటెంగ్ బావగారు చదవని సీసా

అమోటెంగ్ బావగారికి చెడ్డ అలవాట్లేమీ లేవు. తాగరు, తగాదాకు పోరు, ఒకరి ఊసెత్తరు. ఉన్నదల్లా ఒకటే. డబ్బా అయినా పొట్లం అయినా, దాని మీద రాసిందంతా చివరి చిన్నక్షరం దాకా చదవనిదే ముట్టుకోరు. పోనీ మనసులో చదువుకుంటే ఎవరికి బాధ? వీధి చివరికి వినబడేలా చదువుతారు.

మాంపాంగ్ సంతవీధిలో సెర్వా కిరాణాకొట్టు ఆయన చదువులగది. సెర్వా ఆయనకు పోయిన తమ్ముడి భార్య. కాబట్టి పొమ్మనడానికి నోరు రాదు. పొద్దున్నే పీట వేసుకుని కూర్చుని, రోజుకో అర చొప్పున సరుకు కిందికి దించి చదువుతారు. ఎవరైనా మామిడిరసం డబ్బా పట్టుకున్నారో, వాళ్ల పని అయిపోయినట్టే.

"'మామిడి రుచి గల పానీయం' అన్నాడమ్మా. రుచి గల అన్నాడంటే మామిడి లేదన్నమాట. బొమ్మలో తప్ప ఎక్కడా లేదు."

పాలడబ్బా తీస్తే, అందులో వెన్న తీసేసి పామాయిల్ పోశారని చెబుతారు. టమాటా డబ్బా తీస్తే, ఏది ఎక్కువ ఉంటే దాని పేరే ముందు రాస్తారనీ, ఇందులో మొదటి పేరు నీళ్లదనీ చెబుతారు. ఒకసారి బిస్కట్లు కొనబోయిన డ్రైవరుకు, 'ఈ తేదీ వరకు బాగుంటుంది' అంటే ఆ తర్వాత రుచి తగ్గుతుందనీ, 'ఈ తేదీలోపే వాడాలి' అంటే ఆ తర్వాత ఆసుపత్రే అనీ తేడా విడమరిచేసరికి, బండిలో ఉన్న జనం దిగి వేరే బండెక్కి పోయారు. ఆ డ్రైవరు ఇప్పటికీ కొట్టు ముందు బండి ఆపి, ప్రార్థన అయిందా అని అడిగిగానీ లోపలికి రాడు.

సెర్వా విసిగిపోయింది. ముప్పై ఏళ్లుగా నిలబడి కాళ్లు పీకుతున్నాయి, పైగా ఈ పారాయణం. ఆమెకు ఇంకో బెంగ కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. రెండేళ్లుగా చిన్నక్షరాలు చీమలబారులా కనిపిస్తున్నాయి. రంగునూ బొమ్మనూ బట్టి సరుకు గుర్తుపట్టి నెట్టుకొస్తోంది. కొడుకు యియాడొం అసలే ఆ కొట్టు మూసెయ్యమ్మా అని పోరుతున్నాడు. ఈ సంగతి తెలిస్తే ఆ సాయంత్రమే తాళం వేస్తాడు. కొట్టు పోతే తనకింక తెల్లారడమెందుకు?

ఇంతలో యియాడొంకు కొడుకు పుట్టాడు. ఎనిమిదో రోజు తెల్లవారుజామున పేరు పెట్టాలి. తండ్రి వైపు పెద్దాయన బిడ్డ నాలుక మీద ముందు నీళ్లూ, తర్వాత ష్నాప్స్ సారా చుక్క వేసి, నీళ్లను నీళ్లనీ సారాను సారా అనీ నిజమే చెప్పమని దీవించాలి. ఆ పెద్దాయన అమోటెంగ్ బావగారే, వేరే దిక్కు లేదు. సారా తెస్తానని కొడుకు అంటే, నా కొట్టుండగా నువ్వు కొనడమేమిటని సెర్వా కసిరి, తన అరలోంచి ఆకుపచ్చ సీసా తానే తెచ్చింది.

వియ్యాలవారు తెల్లబట్టల్లో వరసగా కూర్చున్నారు. బావగారు సీసా అందుకుని కళ్లజోడు పెట్టుకున్నారు. ఇక మధ్యాహ్నానికిగానీ పేరు పడదని యియాడొం గొణిగాడు. పెద్దాయన పెదవులు కదిలాయి, ఆగాయి. తలెత్తి సెర్వా వైపు చూశారు. ఆమెకు సంగతి అర్థమైంది. ఏదో తప్పు తెచ్చింది. ఇప్పుడీయన వీధంతా వినబడేలా చదువుతారు.

బావగారు కళ్లజోడు తీసేశారు.

"నాకీ అక్షరాలు ఆనడం లేదురా యియాడొం. ముసలితనం. చదవనిది మనవడి నోట్లో వెయ్యను. నా సంచిలో ఇంకో సీసా ఉంది, నిన్ననే చదివిపెట్టుకున్నాను. అది తియ్యి."

వియ్యాలవారు పగలబడి నవ్వారు. చదువుల పెద్దాయనకే చదువు రాకుండా పోయిందని వియ్యపురాలు పక్కావిడను పొడిచింది. ఆయన ఏమీ పట్టనట్టు నీళ్లు వేశారు, సారా వేశారు, పేరు పెట్టారు. పిల్లాడు మొహం చిట్లించి తుమ్మాడు.

అందరూ భోజనాల్లో పడ్డాక సెర్వా పెరట్లో కూర్చున్న ఆయన్ని పట్టుకుంది.

"బావగారూ, ఆ సీసా ఏమిటి?"

"ష్నాప్స్ రుచి గల సిరప్. ఆరు వంతుల నీళ్లు కలుపుకుని తాగాలట."

సెర్వా ఆయన పక్కనే కూర్చుంది. "నా కళ్ల సంగతి మీకు తెలుసా?"

"రెండేళ్లుగా. తేదీ దాటిన పాలడబ్బా నాకే అమ్మావు. నువ్వు తెలిసి అమ్మే మనిషివి కావు. కనబడటం లేదంటే ఒప్పుకోవు. అందుకే రోజుకో అర పైకి చదువుతున్నాను."

ఆయన చదివి వెళ్లాక తేదీ దాటినవి తీసి పక్కన పెట్టడం తనకు ఎప్పటినుంచో అలవాటేనని సెర్వాకు అప్పుడు తట్టింది. సిగ్గుతో తల వాలిపోయింది. గుండె మాత్రం తేలికపడింది.

"నా బేరాలు చెడగొట్టడానికే వస్తున్నారనుకున్నాను."

"కొన్ని చెడిపోయాయిలే."

"మరి, పిల్లాడికి నిజం చెప్పమని దీవించే నోటితో అందరి ముందూ అబద్ధమాడారే?"

"దీవించకముందు ఆడాను. తర్వాత ఒక్కటీ ఆడలేదు." ఆయన కర్ర పట్టుకుని లేచారు. "రేపు కళ్ల డాక్టరు దగ్గరికి వెళదాం, యియాడొంకు చెప్పకు. అక్కడ గోడ మీది అక్షరాలు మాత్రం నేను చదవను. నువ్వే చదువుకోవాలి."