నాయన పక్కన నిలబడిన మనిషి

మా నాయన రాజపాళయం మునిసిపాలిటీలో ఓవర్సియరు. కాలువ తవ్వినా, రోడ్డు వేసినా, వీధిలో నీళ్ళ పైపు పెట్టినా పనికి ముందు ఒక ఫోటో, పని ముగిసినాక ఒక ఫోటో తీసి ఫైలులో పెట్టాల. ఆ పని ఆయనకు పిచ్చి అయిపోయింది. ఆఫీసుకు ఒక కాపీ పోతే ఇంటికి ఒక కాపీ వచ్చేది. వెనక పెన్సిలుతో రాసిపెట్టేవాడు: పడమటి వీధి కాలువ, ముందు. పడమటి వీధి కాలువ, తరువాత. రెండింటికీ తేడా మాకు తెలిస్తే ఒట్టు. "మురుగు కాలువకు కూడా పెళ్ళి ఫోటో తీసిన మనిషి మీ నాయనొక్కడే" అని అమ్మ ఎగతాళి చేసేది.

ఇప్పుడు చూస్తే ఆ ఫోటోల్లో కాలువ ఒక మూలకు ఉంటుంది, మిగతాదంతా ఊరే. పైపు దగ్గర బిందెలు వరసపెట్టి జుట్టు ముడుచుకునే ఆడవాళ్ళు, జిన్నింగ్ ఫ్యాక్టరీకి పోయే పత్తి బండ్లు, రోడ్డు రోలరు నీడలో పడుకున్న తెల్ల కుక్క. నాయన మాత్రం ఎక్కడా లేడు. తీసేవాడు ఫోటోలో ఎట్లా పడతాడు?

ఒక్కదాంట్లో పడినాడు. కొండ నుంచి ఊరికి తాగే నీళ్ళ పైపు వేసి ముగించిన రోజు, ఎవరో కెమెరా లాక్కుని ఆయన్ను నిలబెట్టినారు. చుట్టూ గుంత తవ్వినవాళ్ళు, మట్టి తట్టలు మోసినవాళ్ళు. ఆయన పక్కనే, భుజానికి భుజం తగిలేటట్టు, ఒక కూలి ఆడమనిషి.

నాయన పోయినప్పుడు పదహారోనాటి కరుమాది రోజున మాల వేసేదానికి ఫోటో కావాల్సి వచ్చింది. మా ఇళ్ళల్లో ఎవరు పోయినా మొదట ఆ పరుగే. ఏదో గుంపు ఫోటో వెతికి, అందులో ఆ ఒక్క మొహాన్ని పెద్దది చేయించి, గోడకు తగిలించి బొట్టు పెట్టేది. నాయన ఒంటిగా ఉండే ఫోటో అంటే ఆఫీసు కార్డుదే, అందులో పట్టుబడిన దొంగ మాదిరి ఉన్నాడు. కాబట్టి పైపు ఫోటోనే గతి. స్టూడియో ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పినాడు, "ఫోటో అట్లాగే తెండి అమ్మా, మొహం వరకు నేను ఎత్తుకుంటాను" అని. నేను విన్నానా? ఇంటినిండా చుట్టాలు. ఫోటో చేతులు మారితే "ఎవరే ఈ పక్కన?" అని అడుగుతారు. మట్టి తట్ట మోసే మనిషి ఓవర్సియరు పక్కన అంత దగ్గరగా ఏమి చేస్తా ఉన్నదని నవ్వుకుంటారు. అదీ నా భయం. కుట్టుమిషను మీది కత్తెర తీసుకుని నాయన వరకు కత్తిరించుకున్నాను. మిగిలినదాన్ని వేణ్ణీళ్ళ పొయ్యిలో వేసినాను. నెగటివు ఎప్పుడో పోయింది, ఉండినది ఆ ఒక్క కాపీనే.

ముప్పై ఏళ్ళయినాయి. ఈ నడుమ ఒక్కరోజైనా ఆ సంగతి గుర్తుకు వచ్చి నన్ను కుట్టి ఉంటే, సరే, మనిషినే అనుకుందును. రాలేదు.

పోయిన ఏడు ఊరివాళ్ళు కొందరు చేరి పాత రాజపాళయం ఫోటోలతో ఒక ప్రదర్శన పెట్టినారు. నాయన ఫోటోలు నూటికి పైగా ఇచ్చినాను. నా గొప్పలు చూడాల! పట్టుచీర కట్టుకుని మూడు రోజులూ వాకిట్లో టేబుల్ వేసుకుని కూర్చున్నాను. వచ్చినవాళ్ళందరికీ "ఇవి మా నాయన తీసినవి" అని అడగకముందే చెప్పేదాన్ని.

మొదటి రోజే ఒకామె వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్దది ఉంటుంది. ఒక్కొక్క ఫోటో దగ్గరా ముక్కు ఆనించేటట్టు నిలబడి చూసి పోయింది. రెండో రోజూ వచ్చింది. మూడో రోజు నా దగ్గరికి వచ్చి, "అమ్మా, మీరు ఓవర్సియరయ్య బిడ్డనా?" అని అడిగింది.

అడిగినది తెలుగులో, మా తెలుగే. ఊరు తమిళనాడులోదైనా, మా ఊళ్ళో పొలం ఉన్నవాళ్ళకూ ఆ పొలంలో కూలి చేసేవాళ్ళలో శానామందికీ ఇంటి మాట ఒకటే. అయినా మా ఇంట్లో పెద్దవాళ్ళు కూలివాళ్ళకు తమిళంలోనే జవాబు చెప్పేవాళ్ళు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే, "తెలుగులో మాట్లాడితే వరస కలుపుతారు" అన్నది అమ్మ. ఉగ్గుపాలతో పట్టిన బుద్ధి, ఎక్కడికి పోతుంది? నేనూ తమిళంలోనే "ఎన్నమ్మా వేణుం?" అన్నాను, ఏమి కావాలని.

ఆమె తెలుగు వదలలేదు. పక్క ఊరు సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ మడిచే పని చేస్తుందట. వాళ్ళమ్మ కొండ పైపుకు మట్టి మోసిందట. "పని ముగిసిన రోజు ఫోటో తీసినారంట అమ్మా. మా అమ్మ వెనక పోయి నిలబడితే, ఓవర్సియరయ్యనే పిలిచినాడంట. 'బండ అడ్డం వచ్చిన చోట అందరూ గడ్డపార పారేసి కూర్చుంటే ఈమె ఒక్కతే విడవకుండా తవ్వింది, ఈమె నా పక్కన నిలబడాల' అన్నాడంట. సచ్చేదాకా చెప్పింది ఆ మాట. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ లేదు. ఏటేటా తివసం రోజు చెంబుకు బొట్టు పెట్టి మొక్కుతాము. ఆ ఫోటో ఇక్కడ ఉంటుందని వచ్చినాను."

నా తల కొట్టేసినట్టయింది. నాయన పేరు చెప్పుకుని మూడు రోజులుగా పట్టుచీరలో ఊరేగుతా ఉన్నాను, నాయన నోరు తెరిచి పిలిచి పక్కన నిలబెట్టుకున్న మనిషిని పొయ్యిలో పెట్టింది నేను. చెప్పాల్సింది. చెప్పలేదు. చుట్టూ మనుషులు ఉన్నారు.

"అట్లాంటి ఫోటో ఏదీ లేదు" అన్నాను తమిళంలో. అంతటితో ఊరుకోలేదు నేను పాపిష్టిదాన్ని. "పెద్దవాళ్ళు అట్లా ఏదో ఒకటి చెప్తా ఉంటారు" అని కూడా అన్నాను.

ఆమె మొహం వాడిపోయింది. "మా తమ్ముడూ అదే అంటాడు. అమ్మ గొప్పకు చెప్పిందని ఆమె ఉన్నప్పుడే నవ్వేవాడు. ఈ ఒక్క విషయానికి అమ్మా కొడుకులకు మాటలు లేకుండా పోయినాయి. అమ్మ చెప్పింది నిజమని చూపిద్దామనుకున్నాను" అన్నది. నాకు దండం పెట్టింది, నాకు! పెట్టి పోయింది.

నాలుగు రోజులు నాయన ఫోటోకు పూలు పెట్టేదానికి చెయ్యి లేవలేదు. అయిదో రోజు సత్రపట్టి బస్సు ఎక్కినాను. బ్యాండేజీ మడిచే చోటల్లా అడుక్కుంటా పోతే ఇల్లు దొరికింది. తిన్నెమీద కూర్చుని గుడ్డ మడుస్తా ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమని నేనే చెప్పాల్సి వచ్చింది, అదొక సిగ్గు.

"అక్కా, ఆ ఫోటో ఉండింది. మీ అమ్మ మా నాయన పక్కనే ఉండింది. నేనే కత్తిరించి కాల్చేసినాను. ఆ రోజు మీకు అబద్ధం చెప్పినాను" అన్నాను. తెలుగులోనే అన్నాను. ఎందుకు కత్తిరించినానో కూడా దాచలేదు.

తిడుతుందని కాచుకున్నాను. తిడితే బాగుండుననే పోయినాను, నిజం చెప్పాలంటే. ఆమె గుడ్డ పక్కన పెట్టి ఫోను తీసింది. "ఒరే, అమ్మ అబద్ధం చెప్పలేదురా! ఫోటో తీసింది నిజమేరా! ఓవర్సియరయ్య బిడ్డ ఇంటికి వచ్చి చెప్తా ఉంది!" అని తమ్ముడికి అరిచి చెప్పింది. ఫోటో ఏమైందో మాత్రం అతనికి చెప్పలేదు. నా పరువు కాపాడింది.

ఫోను పెట్టేసి నా దగ్గరికి జరిగి కూర్చున్నది. "మా అమ్మ ఎట్లా ఉండినది అందులో? నవ్వుతా ఉండెనా? అప్పుడు నాకు పదేళ్ళు. ముసలి మొహమే కళ్ళముందు ఉంది, ఆ వయసు మొహం నాకు రావడంలేదు. చెప్పండమ్మా, ఎట్లా ఉండినది?"

నవ్వుతా ఉండిందని చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత ఆశగా చూస్తా ఉందో! ఇంకొక అబద్ధం, అంతే కదా. కానీ ఆ ముఖం ముందర నోరు రాలేదు.

"తెలియదక్కా. నాయన భుజం తెగకుండా చూసుకున్నాను. ఆమె మొహం చూడలేదు."

అంతవరకూ నన్ను ఒక్క మాట అనని మనిషి, అప్పుడు లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నది.