నాగా గింజలు

మనవరాలిని ఆడించే మనిషి ఎనిమిది రోజులు ఊరికి వెళ్లివస్తే, ఆ రోజుల జీతం కోయాలా ఇవ్వాలా అని ఈ ఉదయం కోడలు నన్ను అడిగింది. ఇంటికి పెద్దదాన్ని కనుక అడగడం దాని మర్యాద. చిన్న మాటే గాని, చేతిలో పని వదిలేసి అరుగు మీద కూర్చున్నాను. ముప్ఫయ్యేళ్ల కిందట, ఇదే రాజమహేంద్రవరంలో, ఈ ప్రశ్నకు నేనొకసారి జవాబు చెప్పి ఉన్నాను.

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు, ఏడాది పిల్లవాడు, మావారు కోర్టులో గుమాస్తా, ఇంట్లో మా అత్తగారి మాటే మాట. పిల్లవాడిని ఆడించడానికి గోదావరి అవతల లంకలో వల వేసుకుని బతికేవాళ్ల ఇంటి పడుచును పెట్టుకున్నాము. భర్త వరదలో పోతే, మావాడి ఈడుదే అయిన తన ఆడపిల్లను తల్లి దగ్గర వదిలి, మావాడిని చంకనేసుకుంది. జీతం నెలకిన్ని కుంచాల ధాన్యం. నెల తిరిగేసరికి ఆమె అన్న పడవ మీద వచ్చి మూట కట్టుకుపోయేవాడు, ఆ గింజలతోనే అక్కడ ఆ పసిదాని కడుపు నిండేది. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఇంత బాధ ఉండేది కాదు.

మావాడు నా దగ్గర గుక్కపట్టి ఏడ్చి, ఆమె ఎత్తుకోగానే ఊరుకునేవాడు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండేది.

గోదావరికి కొత్తనీరు రాగానే వాళ్లు గంగమ్మకు కొలుపు చేసుకుంటారు, ఇంటి ఆడవాళ్లు పసుపు రాస్తేగాని ఆ ఏడు కొత్త వల నీటిలో దిగదు. ఆ కొలుపుకు, పనిలో పనిగా పిల్లను చూసుకోవడానికి, పది రోజులు పంపమని అడిగింది. అత్తగారు వెళ్లమనే అన్నారు గాని, ఆ పది రోజుల గింజల సంగతి నన్ను తేల్చమన్నారు, ఇల్లు నడపడం నేర్చుకోవాలని. నాకు తెలిసిందల్లా మా పుట్టింటి వ్యవసాయం. అక్కడ పాలేరు నాగా పెడితే ఆ రోజు గింజలు కోతే. పెద్దరికం ఒలకబోస్తూ ఆ మాటే చెప్పాను. ఆమె "అయితే ఉండిపోతానండి అమ్మగారూ" అని, పిల్లవాడికి నీళ్లు పోయడానికి వెళ్లిపోయింది. బాగా తేల్చానని అత్తగారు మెచ్చుకుంటే పొంగిపోయాను కూడాను.

ఆ తరువాత ఆమె మళ్లీ అడగలేదు. నేను మాత్రం ఏడాదికి రెండుసార్లు కాలవ మీద పడవెక్కి పుట్టింటికి వెళ్లి, నెలేసి రోజులు ఉండి వచ్చేదాన్ని. మావాడిని ఎత్తుకుని ఆమె కూడా వచ్చేది, మా అమ్మ నాకు తల దువ్వుతుంటే గడప దగ్గర కూర్చుని చూసేది. అప్పుడైనా నాకు తట్టలేదు.

మూడో ఏట తల్లికి జబ్బు చేసిందని కబురొస్తే, గింజల మాట ఎత్తకుండా పంపాను. నాలుగో రోజుకే తిరిగివచ్చింది. తల్లికి నయమైందట. పిల్ల ఎలా ఉందని అడిగితే, మావాడి బట్టలు ఆరేస్తూ వెనక్కి తిరగకుండానే చెప్పింది: "బాగానే ఉందండి. మా అమ్మనే అమ్మా అంటోందండి. నన్ను చూసి మా అమ్మ వెనకాల దాక్కుని, ఎవరమ్మా ఈవిడ అని అడిగిందండి."

ఆ మీదట కొలుపు వచ్చినప్పుడల్లా, గింజలు కోయను, వెళ్లిరమ్మని నేనే బతిమాలేదాన్ని. బాబు బెంగపెట్టుకుంటాడండి అనేది. మావాడు బడిలో చేరాక ఆమెతో పని తీరిపోయింది, ఒక మూట గింజలిచ్చి పడవెక్కించాము. అవతలి ఒడ్డున ఆమెకు ఎవరైనా ఎదురొచ్చారో లేదో నేను కనుక్కోలేదు.

కోడలికి ఇవేమీ చెప్పలేదు, జీతం పూర్తిగా ఇచ్చేయమన్నాను. అలా అలవాటు చేస్తే నెలనెలా వెళుతుందేమో అంది. వెళ్లనీ అన్నాను. ఇప్పుడు గోదావరి మీద రైలు వంతెన వచ్చింది, కూర్చుని లేచేలోగా అవతలి ఒడ్డు. ఆ రోజుల్లో దాటడమే కష్టమని ఇన్నేళ్లూ నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను, ఇక ఆ సాకు చెప్పుకునే ఓపిక కూడా లేదు.

సాయంత్రం కచేరీలో పని ముగించుకుని వచ్చి కాళ్లు కడుక్కుంటున్న మావాడి దగ్గర ఆమె మాట ఎత్తాను, ఎలా చంక దిగేవాడు కాదో, ఎవరి చేతి ముద్ద తప్ప తినేవాడు కాదో చెప్పాను. వాడు తుండుతో మొహం తుడుచుకుంటూ అంతా విని, "ఎవరమ్మా ఆవిడ?" అన్నాడు.