ఎలుకల బాబాయి కూనిరాగం

మా ప్రయోగశాలలో ఎలుకల బాబాయి తుమ్మాడు. సరిగ్గా అప్పుడే ఎలుకల ఉలికిపాటు కొలిచే యంత్రం నడుస్తోంది. పెట్టెలో ఎలుక ఎగిరిపడింది. పెట్టె అడుగునున్న పలక ఆ ఎగురుడు కొలిచి గీత గీసేసింది. ఆ ఏడాది మొత్తంలో అంత పొడుగు గీత ఇంకోటి లేదు. పరిశోధన చేసే అమ్మాయి దాన్ని కొట్టెయ్యకుండా, పక్కన "బాబాయి తుమ్ము, ఒకసారి" అని శ్రద్ధగా రాసుకుంది.

"నా తుమ్ములో అంత గొప్పేముందమ్మా?"

"హఠాత్తుగా వచ్చింది, పైగా బుస్సుమనే రొద. ఎలుకకి గుండె గుభేలే! అదే మోత మెల్లగా పెరుగుతూ వస్తే చెవులు కదిపి ఊరుకుంటుంది. క్షణం ముందు ఓ చిన్న చప్పుడు వినబడినా అంతగా ఉలిక్కిపడదు బాబాయి గారూ."

పంజరాలు కడిగే మనిషికి ఈ శాస్త్రమంతా ఎందుకని మేం వేళాకోళమాడాం. ఆయన నవ్వలేదు. మళ్ళీ చెప్పించుకుని విన్నాడు.

అప్పటికి రెండు నెలల కిందట ఎవరో ఆయన ఇంటి తలుపు దబదబా బాదారు. పనికి బయల్దేరిన కూతురు లారీ కింద పడిందని చెప్పడానికి. ఆనాటి నుంచీ గరిటె జారినా సరే పిన్ని అదిరిపడి తలుపు దగ్గరికి పరిగెత్తేది. తీసి, ఖాళీ వరండా కేసి చూసి, "ఎవరండీ?" అని ఆయన్నే అడిగేది.

బాబాయి తలుపు అంచులకి గుడ్డపీలికలు అంటించాడు. బెల్లు పీకేశాడు. గిన్నె దించేముందు చిన్నగా దగ్గేవాడు. సాయంత్రం వీధి మలుపులోనే కూనిరాగం మొదలెట్టి, ఇల్లు దగ్గరపడేకొద్దీ గొంతు పెంచుతూ వచ్చేవాడు. ఆ గొంతు గురించి చెప్పకపోవడమే మర్యాద. పిల్లులు దారి మార్చుకున్నాయి.

పిన్ని ఉలికిపాట్లు తగ్గుతూ వచ్చాయి. నాలుగో నెలకి ఒక్కటీ లేదు. ఆ రోజు బాబాయి మా అందరికీ టీ పోయించాడు.

పరిశోధన అమ్మాయి గ్లాసు ముట్టలేదు. "చెవులు కూడా కదపడం లేదా? అదే... పిన్నిగారు అటు తిరిగైనా చూడటం లేదా?"

బాబాయి ఇంటికెళ్ళి, బట్టలు మడతపెడుతున్న భార్య వెనకాల నిలబడి, పెద్ద పళ్ళెం నేలమీద పడేశాడట. ఆవిడ కూతురి చున్నీ మడత సరిచేసుకుంటూనే ఉంది.

వినికిడి దాదాపు పోయిందన్నాడు చెవుల డాక్టరు. ఆ మాట కాగితం మీద రాసి చూపిస్తే పిన్ని చదువుకుంది. "ఇల్లు మూగబోయింది అమ్మాయి లేకనే అనుకున్నానండీ" అంది.

బాబాయి మాత్రం పాట మానలేదు. ఓ సాయంత్రం పై వాటా కుట్టుపని ఆవిడ మెట్లమీద నిలదీసింది.

"పిన్నిగారికి ఎలాగూ వినబడదు. మా చెవులేం పాపం చేశాయి బాబాయి గారూ?"

"నోరు మూసుకుని వస్తుంటే కిటికీలోంచి చూసి, మళ్ళీ ఏం కబురు తెస్తున్నానోనని హడలిపోతుందమ్మా."