దూతలకి అమ్మ ఉండదు

మా పాప పుట్టిన వారంలోపే పోయింది. గుండెలో లోపం అన్నారు డాక్టర్లు. ఆ తర్వాతి ఆదివారం సాయంత్రం సింగపూర్‌లోని క్లెమెంటిలో మేం అద్దెకుంటున్న ఫ్లాట్‌లోనే ఆదరణ కూడిక జరిగింది. మా తెలుగు క్రైస్తవ సంఘం వాళ్లంతా వచ్చారు. కుర్చీలు చాలక సగంమంది నేల మీదే కూర్చున్నారు.

ప్రార్థన చేసింది సంఘంలో మేమంతా ఆంటీ అని పిలిచే పెద్దావిడ. నా భార్య కడుపుతో ఉన్నన్నాళ్లూ జురాంగ్ వెస్ట్ నుంచి బస్సులో పప్పుచారు, గోంగూర పచ్చడి మోసుకొచ్చిన మనిషి. ప్రార్థన అయ్యాక నా భార్య చెయ్యి పట్టుకుని, "ఏడవకమ్మా, పరలోకంలో దేవుడికి ఒక దూత కావాల్సొచ్చింది. అందుకే నీ పాపని తీసుకుని దూతని చేసుకున్నాడు" అన్నారు.

అందరం ఆమేన్ అన్నాం.

నా భార్య చెయ్యి వెనక్కి లాక్కుంది. "కాదాంటీ."

నేను అదిరిపడ్డాను. ఆస్పత్రి నుంచి వచ్చాక తను నోరు విప్పడం అదే మొదలు. పెద్దవాళ్లకి ఎదురు చెప్పడం తనలో నేనెప్పుడూ చూడలేదు.

"దూతలకి అమ్మ ఉండదు. వాళ్లు పాలు తాగరు, చచ్చిపోరు. నా పాప నా పాలు తాగింది, నా వేలు పట్టుకుంది. దాన్ని దూత అనకండి. మన కోసం దేవుడు ఏ దూతనో పంపి ఊరుకున్నాడా? తనే వచ్చాడు. మరియమ్మ ఒళ్లో పాలు తాగాడు. దేవుడే మనిషి బిడ్డగా పుట్టాడు కదా, నా బిడ్డ మనిషి బిడ్డగా ఉంటే ఏం తక్కువాంటీ?"

దేవుడు శరీరధారి అయ్యాడని ప్రతి క్రిస్మస్‌కీ పాడినవాణ్నే. ఆ మాటలో ఆకలీ, ఏడుపూ, చావూ ఉన్నాయని ఆ సాయంత్రం దాకా నా బుర్రకెక్కలేదు.

ఆంటీకి కోపం వస్తుందనుకున్నాను. ఆవిడ మెల్లగా నా భార్య పక్కన చతికిలబడ్డారు.

"నాకూ ఒకడు పుట్టి పోయాడు తల్లీ," అన్నారు. "నాకూ ఇదే మాట చెప్పారు. నేను తలూపి ఊరుకున్నాను."

ఇన్నేళ్లుగా ఆవిడ చేతి వంట తింటున్నాం. ఈ సంగతి మాలో ఒక్కరికీ తెలీదు.

నా భార్య తలెత్తింది. "ఎవరి పోలికాంటీ?"

"ముక్కు మా ఆయనదే," అన్నారు ఆంటీ. అని, పమిట నోటికి అడ్డం పెట్టుకుని, మేమెవరమూ ఎన్నడూ చూడనంతగా ఏడ్చారు.