నా టీసీని ఆపిన అట్లాసు

సంగటి ముద్ద మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. ఆ రోజుల్లో మిలిటరీ వాళ్ల పిల్లలకు సొంత ఊరంటే ఇనప్పెట్టె మీద తెల్లరంగుతో రాసిన నాయన పేరే. మా నాయన హవల్దారు. ఏడో తరగతికే నేను ఐదు బళ్లు మారాను. సర్కారువారు మాలాంటివాళ్ల కోసం దేశమంతటా ఒకే పాఠాలు చెప్పే బళ్లు పెట్టారు. ఝాన్సీలో సగం విన్న పాఠం జోర్హాట్‌లో ఆగినచోటి నుంచే అందుకునేది. (స్నేహితులు మాత్రం ప్రతిసారీ మొదటి నుంచే.)

నాయనను సరిహద్దుకు వేశారు. అక్కడికి కుటుంబాలను రానివ్వరు కాబట్టి అమ్మా నేనూ కర్ణాటకలో బంగారు గనుల ఊరైన కేజీఎఫ్‌లో అవ్వ ఇంటికి వచ్చాం. నేను ఆ ఊరి బడిలో చేరాను. గనులు మూసేసి అప్పటికి కొన్నేళ్లు. తండ్రులు రైలెక్కి మాలూరుకో బెంగళూరుకో పనికి పోయేవారు. నెలకొక పిల్లవాడు టీసీ తీసుకుని ఊరు వదిలేవాడు. దాంతో నేను తరగతిలో పండితుణ్నైపోయాను. కొత్త బడిలో ఎలా నెగ్గుకురావాలో అందరూ నన్నే అడిగేవారు. ("మూడో బెంచీ, గోడ పక్కన. మొదటి రోజు ఏ జవాబూ తెలిసినట్టు కనబడొద్దు.")

"ఒరే మిలిట్రీ, నువ్వెప్పుడు పోతావురా?" అని ఎగతాళి చేస్తే, "నేను యాడికీ పోనప్పా" అన్నాను గొప్పగా.

అర్ధసంవత్సర పరీక్షలు రాసిన నెలకే నాయన సెలవు మీద దిగాడు. "అంబాలాలో క్వార్టర్సు ఇచ్చినారు. సోమవారం టీసీ తీసుకోని పోదాం."

అర్ధసంవత్సర పరీక్షా, సంవత్సర పరీక్షా ఒకే బడిలో రాయడమనే భాగ్యం నాకు ఒక్కసారీ దక్కలేదు. అయితే ఐదు టీసీల అనుభవజ్ఞుణ్ని. లైబ్రరీ పుస్తకం తిరిగి ఇవ్వందే టీసీ రాదని నాకు తెలుసు. శనివారం బడి లైబ్రరీలో ఉన్న అతిపెద్ద పుస్తకం, ఓ అట్లాసు, నా పేర రాయించుకుని తెచ్చి అవ్వ రాగుల డ్రమ్ములో పూడ్చేశాను.

"పోయింది మిస్" అన్నాను సోమవారం, నాయన పక్కన నిలబడి, హెడ్మిస్ట్రెస్ ముందు కళ్లు దించుకుని.

"కొత్తది కొనిస్తానమ్మా" అన్నాడు నాయన.

"అది గనులు నడిచిన కాలం నాటిదప్పా, ఇంగ యాడా దొరకదు. ఆ పుస్తకమే రావాల" అంది హెడ్మిస్ట్రెస్. నెలనెలా టీసీలు రాసిరాసి విసిగిన చెయ్యి ఆవిడది.

నాయన ఇల్లంతా సోదా చేశాడు. అవ్వ డ్రమ్ము మీద కూర్చుని, "నా రాగుల జోలికొస్తే మిలిట్రీ లేదు, గిలిట్రీ లేదు!" అంది. ఆమె నీళ్లకు లేచిన క్షణంలో ఆయన మూత తీసి, చెయ్యి పెట్టి, అట్లాసు అంచు తడిమి, నావైపు చూశాడు.

"పోవాలని లేదారా?"

"పరీక్ష రాసి వస్తా నాయనా. ఒక్కసారన్నా యాడో ఒకచోట పూర్తిగా."

ఆయన మూత పెట్టేశాడు. మర్నాడు బడికి వెళ్లి, "దొరకలేదమ్మా. ఏప్రిల్ దాకా వెతుకుతా ఉంటాము" అన్నాడు.

"నిదానంగా వెతకండప్పా" అంది హెడ్మిస్ట్రెస్.

నేను రెండు పరీక్షలూ అక్కడే రాశాను, రెండింట్లోనూ కన్నడం తప్పాను. అంత నిలకడ మళ్లీ నా జీవితంలో లేదు.

ఇక ఒప్పుకోవాలి. నాయన మూత తీయడమూ, నన్ను అడగడమూ నా కల్పన. ఆయన ఉత్తచేతులతో బడికి వెళ్లి దొరకలేదని చెప్పిన సంగతి మాత్రం నిజం. కానీ రెండు గదుల ఇంట్లో ఒక్క డ్రమ్మును వదిలేసే హవల్దారు ఉంటాడా? ఆ సంగతి ఆయన్ను అడగడానికి నాకెప్పుడూ ధైర్యం చాలలేదు.